ట్యాంకుకు నిప్పు తట్టుకునే పూత: సిమెంటా, ఎపాక్సీయా, ఏది మేలు?

స్టీలుకు మంట అంటుకోదు. కాబట్టి చెక్క మీద మంట పాకకుండా వేసే మామూలు ఫైర్ రిటార్డెంట్ పెయింటు ఇంధన ట్యాంకుకు కొట్టి లాభం లేదు. స్టీలుకు ముప్పంతా వేడితోనే. 550 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది.

భవనాల్లో వాడే పలచటి ఆక్రిలిక్ పూత కూడా ఇక్కడ వద్దనే అంటాను. దాన్ని పరీక్షించే మంట 5 నిమిషాల్లో 576 డిగ్రీలకు చేరుతుంది. పెట్రోలియం మంటలకు పెట్టే యూఎల్ 1709 అనే అమెరికన్ ప్రమాణ పరీక్షలో అదే 5 నిమిషాల్లో 1093 డిగ్రీలు. రెండింటికీ పోలికే లేదు.

ఇక మిగిలేవి రెండు. సిమెంటు, వెర్మిక్యులైట్ (వేడికి పొంగే తేలికపాటి ఖనిజం) కలిపిన మందపాటి పూత చవక. అందులో ఇమిడి ఉన్న నీరు ఆవిరయ్యేదాకా వెనకున్న స్టీలు పెద్దగా వేడెక్కదు. పొగ కూడా రాదు. కానీ దాని శత్రువు వాననీరు. సన్నని పగులు చాలు, నీరు దిగి లోపల స్టీలును తినేస్తుంది, పైకి మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్తే ఒకచోట చప్పుడు మారి డొల్లగా వినిపిస్తుంది. పగులు కింద గోధుమరంగు చార కూడా ఉంటే ఆ ముక్క ఊడదీసి చూడాల్సిందే.

రెండోది ఎపాక్సీ ఇంట్యుమెసెంట్, అంటే వేడికి పొంగే రెసిన్ పూత. ఇది కొన్ని మిల్లీమీటర్ల మందంలోనే స్టీలును అంటిపెట్టుకుని ఉంటుంది, తుప్పునూ ఆపుతుంది. మంటలో పొంగి గట్టి బొగ్గుపొరగా మారుతుంది. లోపల జాలీ వేసి, జెట్ మంటకు (ఒత్తిడితో చిమ్మే ఇంధనం మంటకు) పరీక్షించిన రకాలూ ఉన్నాయి. అయితే ఖరీదు ఎక్కువ, బ్లాస్టింగ్ (గరుకు రేణువులు వేగంగా కొట్టి స్టీలును శుభ్రం చేయడం) సరిగ్గా చేయకపోతే పట్టదు, మంటలో పొగ వస్తుంది.

ఎక్కడ వేయాలన్నది కూడా అంతే ముఖ్యం. ట్యాంకులో ద్రవం తగిలే గోడ నుంచి ఆ ద్రవమే వేడిని లాగేసుకుంటుంది. పైన ఆవిరి ఉన్న భాగానికి ఆ ఆసరా లేదు. ట్యాంకును మోసే స్టీలు కాళ్లకు అసలే లేదు. 1966 జనవరి 4న ఫ్రాన్స్‌లోని ఫేజాన్ రిఫైనరీ ప్రమాదంలో 18 మంది చనిపోయారు. కాళ్లకు సరైన రక్షణ లేక అక్కడ కొన్ని గోళాకారపు గ్యాస్ ట్యాంకులు కూలిపోయాయి.

అందుకే డబ్బు తక్కువుంటే ముందు కాళ్లకే ఖర్చుపెట్టమంటాను, దానికి సిమెంటు సరిపోతుంది. ఒత్తిడితో గ్యాస్ నిలవుండే ట్యాంకు గోడకు, జెట్ మంట తగిలే చోటికి మాత్రం ఎపాక్సీయే మేలు. కాళ్ల మీద సిమెంటు పూత ముగిసే పై అంచుకు రేకు టోపీ, సీలెంటు తప్పనిసరి. నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడినుంచే.