గ్వాటెమాలాలో స్పానిష్: బడితో పాటు ఇంటినీ చూసి ఎంచుకోండి

టెక్సస్‌లో నా క్లాసులో గ్వాటెమాలా, హోండూరస్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారు. పేరెంట్ మీటింగు రోజు వాళ్లే దుబాసీలు. తన మార్కుల సంగతి తల్లికి ఆ పిల్లే చెప్పాలి. అది చూడలేకే ఈ వేసవి సెలవుల్లో స్పానిష్ నేర్చుకుందామని గ్వాటెమాలాలోని ఆంటిగువా ఊరికి వచ్చాను. తిరుగు ప్రయాణం దగ్గరపడింది. రావాలనుకునే టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడి బళ్లలో ఎక్కువగా ఒక్కొక్కరికీ ఒక్కో టీచరు ఉంటారు. మధ్యలో చిన్న బల్ల, పొద్దున నాలుగు గంటల పాఠం. నేనూ టీచర్నని తెలిశాక మా మేడం వ్యాకరణం పక్కనపెట్టి నాతో పేరెంట్ మీటింగులు ఆడించారు. ఆవిడ తల్లి, నేను టీచర్ని. 'మీవాడు తెలివైనవాడే, హోంవర్కే చేయట్లేదు' అన్న ముక్కని ఆ తల్లి మనసు నొచ్చుకోకుండా చెప్పేదాకా వదల్లేదు. పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది.

బస దగ్గరే జాగ్రత్తపడాలి. బడివాళ్లు మొదట బసకి ఇచ్చిన ఇంట్లో అంతా విదేశీ విద్యార్థులే. భోజనాల బల్ల దగ్గర ఇంగ్లీషే, ఇంటివాళ్లు వంటింట్లోనే తినేవాళ్లు. బడివాళ్లని అడిగితే ఇల్లు మార్చారు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. పెద్దావిడ మొక్కజొన్న పిండి ముద్దని రెండు అరచేతుల మధ్య తడుతూ, మన జొన్నరొట్టెలాగే గుండ్రంగా చేసి పెనం మీద వేస్తుంది. నాకూ ఒక ముద్ద ఇచ్చి, అంచు విరిగితే సరిచేస్తూ, మా అమ్మ గురించీ చీరల ధరల గురించీ అడుగుతుంది. నోరు తిరిగింది ఆ పొయ్యి దగ్గరే. గుమ్మడిగింజలు, నువ్వులు వేయించి నూరి చేసే పెపియాన్ అనే కూర రుచి చూడకుండా రాకండి. శాకాహారులైతే నల్ల చిక్కుడుగింజల్లో పంది కొవ్వు వేస్తారేమో ముందే అడగండి. ఆదివారం భోజనం చాలా ఇళ్లలో ఉండదు.

ఊరు అందంగా ఉంటుంది. 1773 భూకంపాల్లో కూలిన చర్చిల గోడలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి. వర్షాకాలంలో పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన. రాళ్లు పరిచిన వీధుల్లో చక్రాల సూట్‌కేసు నరకం. సాంతా కాటలీనా ఆర్చి చుట్టుపక్కల కాఫీ షాపుల్లో మనం స్పానిష్‌లో అడిగినా ఇంగ్లీషులో జవాబిస్తారు. మార్కెట్టుకే వెళ్లండి.

వారాంతంలో అటిత్లాన్ సరస్సు ఒడ్డున సాన్ పెద్రో వెళ్లాను. అక్కడా స్పానిష్ బళ్లున్నాయి, ఖర్చు తక్కువ. పడవ పొద్దున్నే ఎక్కండి, మధ్యాహ్నం గాలికి నీళ్లు ఎగిసిపడతాయి. ఆ ఊళ్లో ఇళ్లలో త్సుతుహిల్ అనే స్థానిక భాష మాట్లాడతారు. గ్వాటెమాలాలో ఇలాంటి మాయన్ భాషలు ఇరవైకి పైనే ఉన్నాయి. అది విన్నాక మా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడు గుర్తొచ్చాడు. వాళ్లమ్మకి స్పానిష్ కూడా రెండో భాషేనేమో! ఇన్నాళ్లూ ఆ ఇంటికి స్పానిష్ కాగితాలు పంపి ఊరుకున్నాం.

మిగిలిన పాఠాల్లో మా మేడంతో కలిసి ఒక ఫారం తయారుచేస్తున్నాను. అందులో మొదటి ప్రశ్న, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. బడులు తెరవగానే అన్ని ఇళ్లకీ ఫోన్ చేసి అడుగుతాను.