పాత గేమ్‌బాయ్‌లో కొత్త పాటలు: ఎల్‌ఎస్‌డీజే ఏళ్ల తరబడి వాడాక

చిప్ మ్యూజిక్, అంటే పాత వీడియో గేమ్ యంత్రాల్లోని శబ్దపు చిప్‌లతో కట్టే సంగీతం, ఎందుకు చేస్తారని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: చిన్నప్పటి వీడియో గేముల మీద మమకారం. నాకు ఆ జవాబు ఏనాడూ సరిపోలేదు. చిన్నతనంలో నేను గేమ్‌బాయ్‌ని, అంటే చేతిలో పట్టుకుని ఆడే ఆ నింటెండో ఆట యంత్రాన్ని, ముట్టుకోనేలేదు. మా వీధిలో ఒకరింట్లో టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ ఉండేది. కేసెట్ పెట్టడం, రాకపోతే తీసి ఊది మళ్లీ పెట్టడం, వంతుల కోసం పోట్లాడుకోవడం బాగా గుర్తున్నాయి గానీ దాని వెనక మోగిన బాణీల్లో ఒక్కటీ గుర్తులేదు. అలాంటిది, ఇప్పుడు కంప్యూటర్‌లో కావలసినన్ని వాయిద్యాలు ఉన్నా నేను ఏళ్ల తరబడి పాత గేమ్‌బాయ్‌లోనే పాటలు కడుతున్నాను. నన్ను అక్కడ కట్టిపడేసింది లిటిల్ సౌండ్ డీజే అనే ప్రోగ్రాం. వాడేవాళ్లంతా ఎల్‌ఎస్‌డీజే అంటారు.

స్వీడన్‌కు చెందిన యోహాన్ కొట్లిన్‌స్కీ దీన్ని 2000లో తయారుచేశాడు. అంతకుముందే, 1998లో, జర్మనీలో ఓలివర్ విట్చో నానోలూప్ అనే ప్రోగ్రాంతో గేమ్‌బాయ్‌ని వాయిద్యంగా మార్చి చూపించాడు. రెండూ వాడాను. నానోలూప్ చేతికి తొందరగా అలవాటవుతుంది, చిన్న చిన్న వరసలు తిప్పుతూ ఉండటానికి హాయిగా ఉంటుంది. పల్లవి, చరణం, మధ్యలో ఒక మలుపు ఉన్న పూర్తి పాట కట్టాలంటే మాత్రం నేను ఎల్‌ఎస్‌డీజేనే తెరుస్తాను.

తెరవగానే కనబడేది అంకెల పట్టిక. పాట అంటే గొలుసుల వరస, గొలుసు అంటే ఫ్రేజుల వరస, ఫ్రేజు అంటే స్వరాలు రాసుకునే చిన్న ముక్క, ఒక్కో ఫ్రేజులో 16 మెట్లు. లెక్కంతా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో: 0 నుంచి 9 దాకా, ఆపైన 10కి బదులు ఏ, అలా 15కి ఎఫ్ దాకా. సెలెక్ట్ నొక్కి పట్టుకుని పక్కకు జరిగితే ఒక తెర నుంచి ఇంకో తెరకి వెళ్తాం. ఏ బటన్ నొక్కి స్వరం పెడతాం, అదే పట్టుకుని పైకీ కిందకీ జరిపి మారుస్తాం, స్టార్ట్ నొక్కి వింటాం. మొదట్లో చిరాకు పుడుతుంది, అందులో దాపరికం లేదు. కానీ వేళ్లకి దారి తెలిశాక, రద్దీ బస్సులో కడ్డీకి ఆనుకుని నిలబడి, రెండు బొటనవేళ్లతో బాస్ వరస దిద్దుకోగలిగేంత చనువు వస్తుంది. మౌసుతో పనిచేసే ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ నాకు ఆ చనువు రాలేదు.

అసలు విషయం దీని గొంతులో ఉంది. 1989లో వచ్చిన గేమ్‌బాయ్‌కి నాలుగే ఛానెళ్లు. బీప్ లాంటి స్వరాలు పలికే రెండు పల్స్ ఛానెళ్లు, శబ్ద తరంగం ఆకారం మనమే గీసుకోగలిగిన ఒక వేవ్ ఛానెల్, బుస్సుమనే రొద చేసే ఒక నాయిస్ ఛానెల్. ఒక్కో ఛానెల్ ఒక్కసారికి ఒక్క శబ్దమే చేస్తుంది. పల్స్ ఛానెల్ దాదాపు 64 హెర్ట్జ్ కంటే కిందకి దిగదు. వేవ్ ఛానెల్ దానికింకా ఒక స్థాయి కిందకి పోగలదు, అందుకే బాస్ బరువు ఎక్కువగా దాని మీదే పడుతుంది. ఎల్‌ఎస్‌డీజేలోని డ్రమ్ కిట్లు కూడా ఆ వేవ్ ఛానెల్‌లోనే మోగుతాయి. అంటే డ్రమ్ పడిన ప్రతి చోటా బాస్ ఆగిపోవాలి. రెండూ కావాలంటే ఏ క్షణంలో ఏది మోగాలో పాట కట్టేవాడే తేల్చుకోవాలి. పెళ్లి మేళంలో ఒక సన్నాయి ఊపిరి తీసుకునే లోపు రెండోది స్వరం అందుకున్నట్టు ఇక్కడ ఛానెళ్లు ఒకదాని సందులో ఒకటి దూరి పాటని నడిపిస్తాయి.

తీగలు మీటినట్టు మూడు స్వరాలు కలిపి వినిపించాలంటే ఛానెళ్లు చాలవు. అక్కడ సీ ఆదేశం ఆదుకుంటుంది. ఆదేశం అంటే స్వరాన్ని ఎలా పలికించాలో చెబుతూ దాని పక్కన రాసే అక్షరం, అంకెలు. స్వరం పక్కన సీ 37 అని రాస్తే ఆ స్వరం, దాని మీద మూడో అర్ధస్వరం, ఏడో అర్ధస్వరం చెవికి విడివిడిగా అందనంత వేగంతో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అది మైనర్ కార్డ్. సీ 47 అంటే మేజర్. 1980ల్లో కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ మీద ఆటలకి సంగీతం చేసిన రాబ్ హబ్బర్డ్ లాంటివాళ్లు వాడిన ఉపాయం ఇదే. అప్పుడు వాళ్లకి ఉన్నది సిడ్ అనే 3 గొంతుల శబ్దపు చిప్, చాలీచాలని మెమరీ. వాళ్లకి అది అవసరం. ఇప్పుడు చేసేవాళ్లకి అది ఇష్టం. ఆ ఇష్టం ఎందుకో నాకు అర్థమైంది ఇదే ఎల్‌ఎస్‌డీజేలో: నా పాటలో నాకు తెలియని శబ్దం ఒక్కటీ ఉండదు. ప్రతిధ్వని కావాలంటే ఖాళీ మెట్టు వెతికి, అదే స్వరాన్ని తగ్గించిన వాల్యూమ్‌తో నేనే రాయాలి. డోలు దెబ్బ కావాలంటే పల్స్‌ని పై నుంచి కిందకి ఒక్కసారిగా జార్చాలి. రెడీమేడ్‌గా దొరికేది తక్కువ. కట్టడం పూర్తయ్యేసరికి ఆ రెండు నిమిషాల పాటలో అడుగు అడుగూ నాకు తెలిసి ఉంటుంది. సంగీతంతో ఇంత దగ్గరితనం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మన తాళాలు ఇందులో ఇముడుతాయా అని కొందరు అడిగారు. ఇముడుతాయి, చాలా బాగా. ఖండచాపుకి 5 అక్షరాలు, అక్షరానికి రెండు మెట్లు వేసుకుంటే 10 మెట్లు. మెట్ల లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి, ఫ్రేజులో ఏ అని ఉన్న మెట్టు దగ్గర దూకమని చెప్పే ఆదేశం హెచ్ 00 పెడితే అక్కడితో ఆగి తర్వాతి ఫ్రేజుకి దూకుతుంది. మిశ్రచాపుకి 14 మెట్లు, కాబట్టి హెచ్ వెళ్లి ఈ మెట్టు దగ్గర కూర్చుంటుంది. నాలుగు ఛానెళ్లలోనూ పెట్టుకోవాలి, లేకపోతే దేని దారి దానిదే. ఒక్కోసారి కావాలనే నాయిస్ ఛానెల్‌ని 16 మెట్ల మీద వదిలేసి, బాణీని 10 మెట్ల మీద తిప్పుతాను. రెండూ 80 మెట్ల తర్వాత మళ్లీ ఎత్తుగడ దగ్గర కలుస్తాయి. ఆ కలిసే చోట వచ్చే ఊపు కోసమే ఒక పాట మొత్తం కట్టాను.

గమకాల దగ్గర మాత్రం చెమట పట్టింది. తోడి రాగంలో గాంధారాన్ని ఊపడానికి వి ఆదేశం, అంటే వైబ్రేటో, పనికిరాదు. అది రెండు వైపులా ఒకే కొలతలో ఊగుతుంది, వినగానే యంత్రమని తెలిసిపోతుంది. ఆదేశాల వరస రాసుకునే టేబుల్ తెరలోకి వెళ్లి, శ్రుతిని జార్చే పి ఆదేశంతో స్వరాన్ని నెమ్మదిగా ఎక్కించి, వడిగా దింపి, ఒక క్షణం నిలిపి, మళ్లీ ఎక్కించాలి. ఇలా రాసుకున్న ఊపు వినడానికి బాగుంటుంది, అయితే మంద్ర, మధ్య స్థాయిల్లోనే. చిప్‌లో శ్రుతిని నిర్ణయించే విలువలు 2048 మాత్రమే. అవి కింద దగ్గర దగ్గరగా, పైకి పోయేకొద్దీ దూరం దూరంగా ఉంటాయి. తారస్థాయిలో జారుడు కాస్తా గంతులైపోతుంది, మామూలు స్వరాలే కొన్ని శ్రుతి తప్పి వినిపిస్తాయి. అందుకని రాగం వాసన ఉన్న బాణీలకి షడ్జమాన్ని కాస్త కిందే పెట్టుకుంటాను.

ఈ సంగీతం జోలికి మనుషుల్ని లాగేది ఇంకొకటి ఉంది. 1987లో అమిగా కంప్యూటర్ మీద కార్‌స్టెన్ ఒబార్‌స్కీ తెచ్చిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రాం నుంచి మాడ్యూల్ ఫైళ్ల అలవాటు మొదలైంది. పాటతో పాటు స్వరాలు, ఆదేశాలు, శబ్దాల ముక్కలు అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. విన్నవాడు దాన్ని తెరిచి లోపల ఏం జరుగుతోందో మెట్టు మెట్టుగా చూసుకోవచ్చు. ఎల్‌ఎస్‌డీజే వాడేవాళ్లలోనూ పాట ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు చాలామంది. పల్స్‌తో డోలు దెబ్బ కొట్టడం నేను నేర్చుకున్నది అలా ఒకరి ఫైల్ తెరిచి, ఆ ఒక్క వాయిద్యం తెర ముందు సాయంత్రమంతా కూర్చుని. గురువు ఎదురుగా లేకపోయినా ఆయన చేతివాటం కళ్లముందే ఉంది. ఆ రుణం తీర్చుకోవడానికే నేను కూడా నా పాటల ఫైళ్లు అడిగినవాళ్లకి ఇస్తాను. ట్రాకర్లని, అంటే ఇలా పట్టికలో పాట రాసే ప్రోగ్రాంలని, పెంచి పోషించిన డెమోసీన్‌ని, అంటే కంప్యూటర్‌తో బొమ్మా సంగీతం కలిపి ప్రదర్శనలు చేసేవాళ్ల బృందాన్ని, 2020లో ఫిన్లాండ్ తన జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుందని చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

జపాన్‌లో హిరోకాజు తనకా ఉదాహరణ కూడా నాకు ఎప్పుడూ గుర్తొస్తుంటుంది. నింటెండోలో ఉద్యోగంగా ఈ శబ్దాలతో సంగీతం చేసినాయన, ఆ ఉద్యోగం ఎప్పుడో వదిలేశాక, 2017లో చిప్ తనకా పేరుతో తన సొంత ఆల్బం తెచ్చాడు. అప్పటికి ఆయనకి ఏ ఆటకీ సంగీతం ఇవ్వాల్సిన పని లేదు. ఆ శబ్దం అంటే ప్రేమ కాకపోతే ఇంకేముంటుంది?

ఇక కొనాలనుకునేవాళ్లకి జాగ్రత్తలు. మొదటి గేమ్‌బాయ్ తెరకి వెనక వెలుగు లేదు, రాత్రిపూట దీపం కింద కూర్చోక తప్పదు. 4 పెన్సిల్ సెల్స్ తింటుంది. ఇయర్‌ఫోన్ పెడితే సన్నటి రొద వినిపిస్తుంది. స్టేజి మీద వాయించేవాళ్లు అందుకే వాల్యూమ్ చక్రం ముందు నుంచే శబ్దాన్ని బయటికి లాగేలా వేరే వైర్లు టంకం వేయించుకుంటారు. దాన్ని ప్రోసౌండ్ అంటారు. ఇంట్లో వినడానికి నాకు ఆ అవసరం పడలేదు. తర్వాత వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లోనూ ఎల్‌ఎస్‌డీజే నడుస్తుంది గానీ నా చెవికి బాస్ పల్చబడుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు దాచుకోవడం. ఎల్‌ఎస్‌డీజే ఉండేది గేమ్‌బాయ్‌లో పెట్టే కార్ట్‌రిడ్జ్‌లో, అంటే కేసెట్‌లో. పాటలన్నీ దాని మెమరీలోనే ఉంటాయి, చాలా కార్ట్‌రిడ్జ్‌లలో ఆ మెమరీని నిలబెట్టేది ఒక చిన్న బిళ్ల బ్యాటరీ. నా మొదటి కార్ట్‌రిడ్జ్‌లో ఆ బ్యాటరీ కూర్చోబెట్టిన తీరు బాగాలేదు. ఒక పొద్దున ఆన్ చేస్తే జాబితా ఖాళీ. పోయినవాటిలో ఒక బాణీని మళ్లీ గుర్తు తెచ్చుకుని కట్టగలిగాను, మిగతావి పోయినట్టే. ఇప్పుడు బ్యాటరీ అక్కర్లేని ఎఫ్‌రామ్ రకం వాడుతున్నాను. అయినా పాట ఒక కొలిక్కి రాగానే యూఎస్‌బీ రీడర్‌తో కంప్యూటర్‌లోకి కాపీ తీసుకుంటాను.

వెంటనే డబ్బు పెట్టక్కర్లేదు. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎమ్యులేటర్, అంటే గేమ్‌బాయ్‌లా నడిచే ప్రోగ్రాం, వేసుకుని మొదలుపెట్టండి. నిజమైన యంత్రంలో బరువు వేరు, కానీ పాట కట్టే పద్ధతి ఒకటే. మొదటి వారం డ్రమ్ కిట్ల జోలికి పోకండి. ఒక్క పల్స్ ఛానెల్ తీసుకుని, మీకు కంఠతా వచ్చిన ఒక పల్లవిని ఎక్కించండి. వాల్యూమ్, స్వరం పొడవు, జారుడు, ఈ మూడిటితోనే అది పాటలా వినిపించే దాకా దిద్దండి. రెండో ఛానెల్ ఎందుకు కావాలో అప్పుడు మీకే తెలుస్తుంది.