కోచింగ్ బాక్స్ నియమం: రాత బాగుంది, అమలే తడబడుతోంది

అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్‌లో కోచింగ్ బాక్స్‌ను, అంటే ఆట జరిగేటప్పుడు కోచ్ తన బెంచ్ ముందు నిలబడి తిరగగల చోటును, 2017-18 సీజన్‌లో 28 అడుగుల నుంచి 38 అడుగులకు పెంచారు. మంచి మార్పే. ఆటగాళ్లకు మాట వినిపించాలంటే ఆ మాత్రం చోటు కావాలి.

గీత దాటితే ముందు హెచ్చరిక, దాన్ని స్కోర్‌బుక్‌లో రాయించాలి. మళ్లీ దాటితే క్లాస్ బి టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన తప్పులకు వేసే శిక్షల్లో చిన్నది), ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే అవకాశం. రెఫరీని తిడితే పెద్దదైన క్లాస్ ఎ, రెండు ఫ్రీ త్రోలు. రెండు క్లాస్ ఎలు పడితే కోచ్ బయటికే.

చిక్కంతా ఆ మొదటి హెచ్చరిక దగ్గరే. బెంచ్ ముందున్న రెఫరీ చూపు ఆట మీద ఉంటుంది, కోచ్ అతని వీపు వెనక ఉంటాడు. అందుకే చాలామంది "కోచ్, వెనక్కి" అని నోటిమాటతో సరిపెడతారు. పుస్తకంలోకి ఎక్కని హెచ్చరిక లెక్కలోకి రాదు. ఆఖరి రెండు నిమిషాల్లో హఠాత్తుగా విజిల్ వేస్తే ఎవరికైనా అన్యాయంగానే తోస్తుంది.

1985లో ఇండియానా యూనివర్సిటీ కోచ్ బాబ్ నైట్ కోర్టులోకి కుర్చీ విసిరినప్పుడు సందేహానికి తావే లేదు. కష్టమల్లా ఒక అడుగు దాటిన కోచ్‌తోనే. మొదటి పది నిమిషాల్లోనే హెచ్చరిక రాయించే రెఫరీల బృందానికి నా పూర్తి మార్కులు. మిగతావాళ్లకు అయిదుకు మూడే.