గరగల మేళమా, బ్రేకింగ్ క్రూనా, కృష్ణానగరా: గోదావరి కుర్రాడికి ఏది మేలు?

డాన్సు ఒంట్లో ఉన్న కుర్రాడికి మన డెల్టాలో ఇరవై ఏళ్లు వచ్చేసరికి మూడు దారులు కనిపిస్తాయి. ఉన్న ఊళ్లోనే జాతరలకీ ఊరేగింపులకీ ఆడుకోవడం ఒకటి. రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో నలుగురితో కలిసి క్రూ, అంటే జట్టు కట్టి బ్రేకింగ్, పాపింగ్ లాంటి వీధి డాన్సులు నేర్చుకుని బ్యాటిళ్లకి, అంటే డాన్సు పోటీలకి తిరగడం రెండోది. మూడోది అందరికీ తెలిసిందే, సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్ అవుదామని బ్యాగు సర్దుకుని హైదరాబాద్ కృష్ణానగర్‌లో దిగిపోవడం. అడిగేవాళ్లంతా ఎందులో డబ్బెక్కువ అనే అడుగుతారు. నేనైతే ముందు మోకాళ్ల సంగతి అడుగుతాను, ఎందుకంటే ఈ పనిలో పెట్టుబడి ఒళ్లే, అది పోతే అప్పిచ్చేవాడు కూడా ఉండడు.

గరగలు తీసుకోండి. తల మీద అలంకరించిన గరగ (అమ్మవారి ఘటం), కింద వీరణాలు, డప్పులు, ఆ దెబ్బకి తగ్గట్టు అడుగు, చేతులు వదిలేసినా గరగ జారకూడదు. రాత్రంతా ఊరేగింపు, చాలాచోట్ల చెప్పుల్లేకుండా, పైగా ఇప్పుడు ప్రతి వీధీ సిమెంటు రోడ్డే. మెడ పట్టేస్తుంది, మడమలు వాచిపోతాయి, నిజమే. కానీ ఎగిరి నేలకి కొట్టుకునే పని తక్కువ. అందుకే నలభై దాటినవాళ్లు కూడా మేళంలో కుర్రాళ్లతో సమానంగా ఆడటం మనం చూస్తూనే ఉంటాం.

బ్రేకింగ్ అలా కాదు. బరువంతా మణికట్టు మీద, భుజం మీద, ఒక్కోసారి నడినెత్తి మీద. 2024లో ఒక వైద్య పత్రికలో డెన్మార్క్ డాన్సర్ కేసు వచ్చింది. పంతొమ్మిదేళ్లకి పైగా హెడ్‌స్పిన్‌లు (తలకిందులుగా నెత్తి మీద తిరగడం) కొట్టీ కొట్టీ నెత్తి మీద గడ్డ కట్టింది, చివరికి ఆపరేషన్ చేసి తీశారు. అతను ఏ నేల మీద తిరిగాడో గానీ మనవాళ్లు ప్రాక్టీసు చేసేది ఎన్నికల తర్వాత మిగిలిపోయిన ఫ్లెక్సీల మీద. చెమట పడితే అవి ఎంత జారతాయో చెయ్యి బెణికినవాడిని అడగాలి. మంచి మ్యాట్ కొనుక్కోకుండా పవర్ మూవ్స్ (ఒళ్లంతా గిర్రున తిప్పే ఫీట్లు) మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేదొకటే, ఆ నెల ఫోన్ రీచార్జ్ మానేసైనా మ్యాట్ కొను బాబూ.

సినిమా గ్రూపులో ఒంటికి ఇంత ప్రమాదం ఉండదు. అయితే ఒకే బిట్టు మాస్టర్‌కి నచ్చేదాకా పదేపదే చెయ్యాలి, మధ్యలో గంటలు గంటలు మేకప్పుతో కూర్చోవాలి, ఆ బిగుసుకుపోయిన కాళ్లతోనే మళ్లీ లేచి ఎగరాలి.

ఇక డబ్బు. జాతర దారిలో క్యాలెండర్ మనకి ముందే తెలుసు. వినాయక చవితి నిమజ్జనాలు, దసరా వేషాలు, సంక్రాంతి, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది, ఉగాది నుంచి వరసగా అమ్మవారి జాతరలు. ఆషాఢం వస్తే మాత్రం పెళ్లిళ్లు ఉండవు, ఆ వెనకే గోదావరి వరద, లంక ఊళ్లలో అయితే మేళం మాటే ఎత్తరు. ఆ రెండు మూడు నెలలూ నాట్లకో రొయ్యల చెరువుల దగ్గరకో వెళ్లాల్సిందే. కమిటీవాళ్లు బయానా ఇచ్చేటప్పుడు చూపించిన ఉషారు మిగతా డబ్బు ఇచ్చేటప్పుడు చూపించరు కాబట్టి మేళం ఊరు దాటకముందే లెక్క తేల్చుకోవాలి. ఇంకో చేదు నిజం కూడా ఉంది. గరగ తల మీద ఉన్నంతసేపూ కాళ్లకి నీళ్లు పోసి దణ్ణం పెట్టినవాళ్లే, తెల్లారి బస్టాండులో కనిపిస్తే ఏరా అంటారు.

బ్రేకింగ్‌కి ఒలింపిక్స్ వల్ల కొంత గౌరవం వచ్చింది. 2024 ఆగస్టు 9, 10 తేదీల్లో పారిస్‌లో జరిగింది, అమ్మాయిల్లో జపాన్‌కి చెందిన అమీ, అబ్బాయిల్లో కెనడా ఫిల్ విజార్డ్ బంగారు పతకాలు గెలిచారు. మనవాళ్లలో కొందరు స్పోర్ట్స్ కోటా దాకా కలలు కన్నారు. 2028 లాస్ ఏంజెలిస్ జాబితాలో మాత్రం ఈ ఆట లేదు. బ్యాటిల్‌లో గెలిచినా ప్రైజ్ మనీ నలుగురు పంచుకుంటే రైలు ఖర్చులకి సరిపోతుంది, ఓడితే అదీ లేదు. మరి క్రూ వాళ్లు ఎలా బతుకుతున్నారంటే, క్లాసులు చెప్పి. స్కూలు యాన్యువల్ డేలు, పెళ్లి సంగీత్‌లు, సాయంత్రం పిల్లల బ్యాచ్‌లు. బ్యాటిల్‌లో తెచ్చుకున్న పేరు ఆ బ్యాచ్‌కి పిల్లల్ని తెస్తుంది, దాని అసలు విలువ అక్కడే ఉందని నా లెక్క.

కృష్ణానగర్ సంగతి చెప్పాలంటే, సినిమా డాన్సర్ల యూనియన్ కార్డు లేకుండా పెద్ద పాటల్లో నిలబడటం కష్టం. కార్డుకి డబ్బు కావాలి, తెలిసిన మాస్టర్ కావాలి, పని లేని నెలల్లో గది అద్దె కట్టే ఓపిక కావాలి. కనీసం ఆరు నెలల అద్దె చేతిలో పెట్టుకోకుండా వెళ్లొద్దు. తెర మీద నాలుగో వరసలో ఉన్న మనవాణ్ణి వాళ్లమ్మ ఫోన్‌లో ఆపి ఆపి చూసి మురిసిపోతుంది, ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ముప్పై దాటాక ఆ వరసలోకి కొత్త కుర్రాళ్లు వచ్చేస్తారు. (రికార్డింగ్ డాన్సు ట్రూపుల్ని ఈ పోటీలోకి తేవట్లేదు, పోలీసులు ఎప్పుడు మైకు ఆపించేస్తారో తెలియని పనిని నమ్ముకోమని ఎవరికీ చెప్పలేను.)

నా ఓటు రెండో దారికి, అదీ సగం సగంగా. గరగలు, వేషాలు, డప్పు తరతరాలుగా వస్తున్న ఇంటి పిల్లాడైతే ఆ మేళం వదలకూడదు, సీజన్‌లో అది ఆడి, ఖాళీ నెలల్లో టౌన్‌లో క్లాసు పెట్టుకోవాలి. డప్పు కళాకారులకి 50 ఏళ్లు దాటాక ప్రభుత్వ పింఛనైనా ఉంది, ఇప్పుడు నెలకి 4,000 రూపాయలు. వీధి డాన్సర్ పేరుతో అలాంటిదేమీ లేదు. మేళం నేపథ్యం లేనివాడు క్రూతో మొదలుపెట్టి పాతికేళ్ల లోపు క్లాసు నిలబెట్టుకోవాలి. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి పిలుపొస్తే వెళ్లి రావచ్చు, వెనక్కి రావడానికి ఒక చోటు ఉంటుంది. అమ్మాయిలకైతే ఇంకా గట్టిగా ఇదే చెబుతాను. రాత్రి ఊరేగింపుల్లో తాగినవాళ్ల మధ్య ఆడటం కన్నా, తెలియని ఊళ్లో షేరింగ్ రూమ్ వెతుక్కోవడం కన్నా, అమలాపురంలోనో తణుకులోనో సొంత బ్యాచ్ నడపడం నయం, పైగా ఆడపిల్లల్ని పంపే తల్లిదండ్రులు లేడీ టీచర్ ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు కూడా.

ఏ దారిలో ఉన్నా బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టండి, ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో చనిపోయినా పూర్తిగా అవిటితనం వచ్చినా 2 లక్షలు వస్తుంది. కాలు బెణికితే పైసా రాదు, దానికి వేరే డబ్బు దాచుకోవాలి. పెళ్లి సంబంధాల దగ్గర అబ్బాయి ఏం చేస్తాడంటే డాన్సర్ అనకండి, డాన్స్ మాస్టారు అనండి, కాఫీ ఇచ్చే తీరే మారిపోతుంది.