ముందు లూపా, ముందు పాట చట్రమా? కొత్త ప్రొడ్యూసర్లకు ఏది మేలు

కొత్తగా ఎలక్ట్రానిక్ మ్యూజిక్ మొదలుపెట్టినవాళ్ల ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పూర్తయిన ట్రాక్‌ల కన్నా ఎనిమిది బార్ల (బార్ అంటే నాలుగు బీట్లు) లూప్‌లే, అంటే మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్కలే ఎక్కువ. ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే వాయిద్యాలు, ఎఫెక్ట్‌లు) చాలకో, థియరీ రాకో ఇలా జరుగుతోందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు చిక్కంతా పని చేసే వరసలోనే ఉంటుంది.

ఒక వరసలో ముందు లూప్ పుడుతుంది. కిక్ (డ్రమ్ములో బరువైన దెబ్బ), హ్యాట్ (చిన్న తాళం శబ్దం), బేస్, కార్డ్స్, లీడ్ (ముఖ్య మెలొడీ) ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వెళ్లి, బాగా కుదిరిందనుకున్నాక దాన్ని పాటగా సాగదీస్తారు. రెండో వరసలో ముందు పాట మొత్తానికి చట్రం పడుతుంది. ఇంట్రో ఎన్ని బార్లు, డ్రాప్ (ఊపు తారస్థాయికి చేరే భాగం) ఎక్కడ, కిక్ ఎక్కడ ఆగాలి అన్నది టైమ్‌లైన్ మీద గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతే శబ్దాలు నింపుతారు. ఇంకా పది ట్రాక్‌లైనా పూర్తి చేయనివాళ్లకు రెండోదే మేలు. కాకపోతే చట్రానికి ముందు చిన్న లూప్ ఒకటి కావాలి, అది కూడా టైమర్ పెట్టుకుని చేసింది.

లూప్ ఎందుకు వదలదు

128 బీపీఎమ్‌లో (నిమిషానికి 128 బీట్లు) ఎనిమిది బార్లంటే సరిగ్గా 15 సెకన్లు. రెండు గంటలు దాని మీదే కూర్చుంటే ఆ ముక్క 480 సార్లు చెవిన పడుతుంది. ఏ మెలొడీ అయినా అన్నిసార్లు వింటే మొహం మొత్తుతుంది. లోపం మెలొడీలో లేదు, చెవి అలసిపోయింది. కానీ ఆ క్షణంలో అలా అనిపించదు. ఏదో తక్కువైందనిపించి ఇంకో ప్యాడ్ (వెనక సాగే మెత్తని శబ్దం), ఇంకో పర్కషన్ చేరుస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌లు, అంటే ఒక్కో వాయిద్యపు వరసలు, ఐదు నుంచి ఇరవై అవుతాయి. 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య అన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుని శబ్దం బురదగా మారుతుంది. అది సరిచేయడానికి ఈక్యూలు (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సర్దేవి), కంప్రెసర్లు (శబ్దం హెచ్చుతగ్గులను తగ్గించేవి) వచ్చి చేరతాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. అన్నీ ఒకేసారి మోగే ఆ లూప్ నిజానికి పాటలో అత్యంత నిండైన భాగం, అంటే డ్రాప్. దానికి ముందు ఏం రావాలి, తర్వాత ఏం రావాలి అన్న ప్రశ్నకు లూప్‌లో జవాబు దొరకదు. దాన్నే నాలుగుసార్లు కాపీ చేసి వింటే పాటలా అనిపించదు కాబట్టి ఫైల్ మూసేసి కొత్తది తెరుస్తారు.

అలాగని లూప్‌ను కొట్టిపారేయకూడదు. కిక్‌కీ బేస్‌కీ మధ్య కుదిరే గ్రూవ్ లూప్‌లో తిప్పి తిప్పి వింటేనే దొరుకుతుంది. హ్యాట్‌ను 5 నుంచి 10 మిల్లీసెకన్లు వెనక్కి జరపడం, స్వింగ్‌ను (బీట్ల మధ్య నోట్లను కాస్త ఆలస్యం చేసే అమరికను) 54 శాతం దగ్గరా 58 శాతం దగ్గరా పెట్టి పోల్చుకోవడం, బేస్ నోటు పొడవు తగ్గించి కిక్‌కు చోటివ్వడం లాంటివి చట్రంలో తేలే పనులు కావు.

చట్రం వేయడం ఎలా

మీరు చేయబోయే శైలిలోనే ఉన్న, మీకు బాగా నచ్చిన ట్రాక్ ఒకటి రిఫరెన్స్‌గా తీసుకుని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆడియో ట్రాక్ మీద పెట్టండి. ప్రాజెక్ట్ టెంపోను దాని టెంపోకు కలిపి, మొదటి కిక్‌ను సరిగ్గా బార్ మొదట్లో కూర్చోబెట్టండి. ఏబుల్టన్ లైవ్‌లో అయితే వార్ప్ (పాట టెంపోను సాఫ్ట్‌వేరే పట్టుకునే సదుపాయం) అంచనా ఒక్కోసారి సగానికో రెట్టింపుకో తప్పుతుంది. 174 ఉండాల్సిన డ్రమ్ అండ్ బేస్ 87గా కనిపిస్తే రెండుతో గుణించి సరిచేయాలి. మాస్టరింగ్ అయిన ట్రాక్ మీ పని కన్నా చాలా గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని 8 నుంచి 10 డెసిబెళ్లు తగ్గించండి. తగ్గించకుండా పోల్చుకుంటే మీ పని ప్రతిసారీ పేలవంగా వినిపిస్తుంది. కారణం వాల్యూమ్ తేడాయే, నాణ్యత కాదు.

ఇక వింటూ, ఏదైనా కొత్తగా వచ్చిన చోట, ఏదైనా ఆగిన చోట మార్కర్ పెట్టండి. ఎక్కువ డాన్స్ ట్రాక్‌లలో మార్పులు 8 లేదా 16 బార్లకు ఒకసారి వస్తాయి. హౌస్ శైలిలో ఇలాంటి లెక్క ఒకటి తేలవచ్చు: ఇంట్రో 16, గ్రూవ్ 16, బిల్డప్ (డ్రాప్‌కు ముందు ఊపు పెంచే భాగం) 8, డ్రాప్ 32, బ్రేక్‌డౌన్ (ఊపు తగ్గించే భాగం) 16, మళ్లీ బిల్డప్ 8, రెండో డ్రాప్ 32, అవుట్రో 16. మొత్తం 144 బార్లు, 128 బీపీఎమ్‌లో నాలుగున్నర నిమిషాలు. ఆ కొలతల ప్రకారం ఖాళీ క్లిప్‌లు వేసి రంగులు పెట్టి, రిఫరెన్స్ ట్రాక్‌ను మ్యూట్ చేయండి. తీసుకోవలసింది కొలతలే, మెలొడీ గానీ శాంపిల్ గానీ కాదు.

ఈ పద్ధతికీ ఒక బలహీనత ఉంది. చేతిలో వినదగ్గ ఆలోచన ఒక్కటీ లేకుండా చట్రం వేస్తే, 144 బార్ల ఖాళీని ఏదో ఒకదానితో నింపాల్సి వస్తుంది. ప్రతి భాగమూ కొలత ప్రకారం వచ్చిపోతుంది, గుర్తుండేది మాత్రం ఏదీ ఉండదు. అందుకే ముందు చిన్న లూప్ కావాలన్నది.

రెండూ కలిపి చేసే తీరు

టైమర్ 45 నిమిషాలకు పెట్టండి. ట్రాక్‌లు ఐదుకు మించకూడదు: కిక్, ఇతర పర్కషన్ అంతా ఒకటి, బేస్, కార్డ్స్, లీడ్. గంట మోగగానే లూప్ ఎంత అసంపూర్తిగా ఉన్నా సరే, దాన్ని చట్రం మొత్తం పొడవునా కాపీ చేయండి. ఇప్పుడు చేయాల్సింది చేర్చడం కాదు, తీసేయడం. ఇంట్రోలో లీడ్ తీసేయండి, కార్డ్స్ తీసేయండి. బ్రేక్‌డౌన్‌లో కిక్, బేస్ తీసేయండి. పది నిమిషాల్లో పాట ఆకారం చెవికి తెలుస్తుంది. ఇది అదే రోజు, అదే సిటింగ్‌లో జరగాలి. రేపు చూద్దామనుకుంటే రేపు మళ్లీ లూప్ దగ్గరే కూర్చుంటారు.

తర్వాత ఒక్కో భాగాన్ని దగ్గరగా చూడండి. 16 బార్ల ఇంట్రో కదలాలంటే పెద్ద హంగులేమీ అక్కర్లేదు. మొదటి నాలుగు బార్లు కిక్ ఒక్కటే. ఐదో బార్‌లో క్లోజ్డ్ హ్యాట్, తొమ్మిదిలో క్లాప్. అక్కడి నుంచే బేస్ మొదలవుతుంది, కానీ లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) 150 హెర్ట్జ్ దగ్గర మూసి ఉంటుంది, పదహారో బార్ చివరికి మెల్లగా తెరుచుకుంటుంది. పదహారో బార్‌లో చివరి బీట్ దగ్గర కిక్ ఆపేస్తే చాలు, తర్వాతి బార్ మొదటి దెబ్బ రెట్టింపు బలంగా తగులుతుంది. ఎనిమిది బార్ల బిల్డప్ కూడా అంతే: స్నేర్ నాలుగు బార్లు బీట్‌కొకటి, రెండు బార్లు అరబీట్‌కొకటి, ఒక బార్ పావుబీట్‌కొకటి, చివరి బార్‌లో సగం నుంచి నిశ్శబ్దం. ఆ బిల్డప్‌లో కిందిస్థాయి బేస్ మోగుతూనే ఉంటే డ్రాప్‌కు కొత్తగా ఇవ్వడానికేమీ మిగలదు. డ్రాప్ తేలిపోయిందని బాధపడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

సాఫ్ట్‌వేర్‌ను బట్టి చిన్న చిన్న ఇబ్బందులు వేరు. ఎఫ్ఎల్ స్టూడియోలో అన్ని వాయిద్యాలనూ ఒకే ప్యాటర్న్‌లో రాసేస్తే ప్లేలిస్ట్‌లో హ్యాట్‌ను మాత్రమే తీసేయడానికి దారుండదు. ప్యాటర్న్ మెనూలో స్ప్లిట్ బై ఛానల్ నొక్కితే ఒక్కో వాయిద్యం ఒక్కో ప్యాటర్న్‌గా విడిపోతుంది. ఏబుల్టన్‌లో సెషన్ వ్యూ (లూప్‌లను గడుల్లో పెట్టి మోగించే తెర) దగ్గరే ఆగిపోవడం కొత్తవాళ్లకు అలవాటు. రికార్డ్ నొక్కి సీన్‌లను (అడ్డవరసలోని లూప్‌ల గుంపులను) ఒకదాని తర్వాత ఒకటి మోగిస్తే అదంతా అరేంజ్‌మెంట్‌లో, అంటే టైమ్‌లైన్ మీద రాసుకుంటుంది, ట్యాబ్ కీతో అక్కడికి వెళ్లి కత్తిరించుకోవచ్చు. లాజిక్ ప్రోలోనూ 2020 నుంచి లైవ్ లూప్స్ గ్రిడ్ ఉంది, ఇదే పని చేస్తుంది.

చేస్తూ చేస్తూ మిక్స్ చేయాలా, చివర్లో చేయాలా?

చివర్లోనే. సోలోలో కిక్‌కు గంటసేపు ఈక్యూ చేశాక బేస్ నోట్లు మారిస్తే ఆ గంట వృథా. మాస్టర్ ట్రాక్ (అన్నీ కలిసి బయటికి వెళ్లే ట్రాక్) మీద ముందే లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) పెట్టుకోవడం మరీ నష్టం. ఏది చేర్చినా మిగతావి అణిగిపోతూ, ఏ ట్రాక్ ఎంత గట్టిగా ఉందో తెలియకుండా పోతుంది. లుక్అహెడ్ లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటివి ఆలస్యాన్ని కూడా తెస్తాయి. కీబోర్డ్ మీద వేలు పడిన కాసేపటికి శబ్దం వస్తుంటే గ్రూవ్ వాయించడం ఎవరివల్లా కాదు. వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒకసారికి తీసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిళ్ల దగ్గర ఉంచండి, 44.1 కిలోహెర్ట్జ్‌లో అది సుమారు 3 మిల్లీసెకన్లు. మిక్స్‌కు వచ్చాక 1024కి పెంచుకోండి. అప్పుడు ఆలస్యం 23 మిల్లీసెకన్ల దాకా పోతుంది కానీ వాయించే పని ఉండదు, కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంటుంది.

మూడు పనులు మాత్రం మొదటి నుంచీ చేయాలి. కిక్ పీక్ మైనస్ 10 డెసిబెళ్ల చుట్టుపక్కల ఉండేలా పెట్టుకుని మిగతావన్నీ దాన్ని బట్టి సర్దాలి. కిక్, బేస్ ఒకదాన్నొకటి మింగకుండా ఉన్న జతను ఎంచుకోవాలి. కుదరని శాంపిల్‌ను ఈక్యూతో బాగుచేయడం కన్నా మార్చేయడం సులువు. కిక్, బేస్ కానివాటికి 100 హెర్ట్జ్ దరిదాపుల్లో హై పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టాలి.

ప్రీసెట్లా, సొంత శబ్దాలా?

పాట రాసే రోజు ప్రీసెట్లు (ముందే తయారై ఉన్న శబ్దాలు), శబ్దం తయారుచేసే రోజు సొంతవి. రెండు పనులూ ఒకే సిటింగ్‌లో పెట్టుకుంటే రెండూ చెడతాయి. వారంలో ఒక పూట వైటల్, సీరమ్ లాంటి సింథ్‌లో ఖాళీ ప్యాచ్ నుంచి మొదలుపెట్టి మూడు నాలుగు శబ్దాలు చేసి, పేరు పెట్టి దాచుకోండి. పాట రాసేటప్పుడు అవే మీ ప్రీసెట్లు. కొన్న ప్రీసెట్లతో ఒక జాగ్రత్త: ఒంటరిగా వింటే మెప్పించాలని వాటిలో రివర్బ్, డిలే ముందే దట్టించి ఉంటారు. పాటలో పెట్టగానే సింథ్ లోపలి రివర్బ్ ఆపేయండి. బేస్ ప్రీసెట్‌లో యూనిసన్ (ఒకే నోటును కొద్ది తేడాతో చాలా వాయిస్‌లు మోగించడం) ఎక్కువగా ఉంటే మోనోలో పెట్టి వినండి, సగం బరువు మాయమైతే వాయిస్‌లు తగ్గించండి.

మిడి (సింథ్‌కు ఏ నోటు వాయించాలో చెప్పే సమాచారం) అలాగే ఉంచాలా, ఆడియోగా మార్చాలా అంటే అరేంజ్‌మెంట్ తేలగానే మార్చేయడం మంచిది. తెరిచి ఉన్న సింథ్ కనిపిస్తుంటే చెయ్యి దాని మీదికే పోతుంది. ఆడియో అయితే కోసి, తిరగేసి, రివర్స్ చేసి వాడుకోవచ్చు, అక్కడే కొత్త ఆలోచనలు కూడా పుడతాయి. ఏబుల్టన్‌లో ఫ్రీజ్ చేసి ఫ్లాటెన్, లాజిక్‌లో బౌన్స్ ఇన్ ప్లేస్. ఫ్లాటెన్ చేసే ముందు ట్రాక్‌కు ఒక నకలు తీసి మ్యూట్‌లో ఉంచండి. లేకపోతే ఒక్క నోటు మార్చాలన్నా మళ్లీ మొదటికి రావాల్సిందే.

లూప్‌తోనే నడవాల్సిన చోట

మినిమల్ టెక్నో, డబ్ టెక్నో, యాంబియంట్ చేసేవాళ్లకు పైన చెప్పిన చట్రం పెద్దగా పనికిరాదు. అక్కడ డ్రాప్ కన్నా, ఒకే లూప్‌లో నెమ్మదిగా జరిగే మార్పు ముఖ్యం. గ్రూవ్‌బాక్స్ (లూప్‌లు వాయించే పెట్టె లాంటి పరికరం) మీద పనిచేసేవాళ్లదీ ఇదే సంగతి. వాళ్లు లూప్‌ను నాలుగైదు ట్రాక్‌లతోనే ఉంచి, ఫిల్టర్ కటాఫ్, డిలే ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని ఎంత తిరిగి వస్తుందో), డికే (శబ్దం తగ్గడానికి పట్టే సమయం) అనే మూడు నాబ్‌లు ఎంచుకుని, పది నిమిషాలు ఆపకుండా వాయిస్తూ ప్రతి ట్రాక్‌నూ విడివిడిగా రికార్డ్ చేసుకోవాలి. మర్నాడు స్క్రీన్ చూడకుండా వింటూ, ఊపు వచ్చిన చోటా విసుగు పుట్టిన చోటా నిమిషాలు, సెకన్లు కాగితం మీద రాసుకుని, విసుగు పుట్టిన ముక్కలను బార్ లెక్కన కత్తిరించాలి. డిలే ఫీడ్‌బ్యాక్ మాత్రం రికార్డింగ్‌కు ముందే 80 శాతం దగ్గర ఆగేలా హద్దు పెట్టుకోవాలి. అది 100 దాటితే ప్రతి ప్రతిధ్వనీ ముందుదానికన్నా గట్టిగా వస్తుంది, ఆ టేక్‌తో పాటు చెవులకూ ప్రమాదం.