మీ డి అండ్ డి పాత్రకు ఏ బొమ్మ మేలు: ముఖమా, నిలువెత్తా, టోకెనా?

టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక కల్పిత పాత్రై కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి). దాన్ని కొత్తగా ఆడేవాళ్లలో చాలామందికి నాలుగు సెషన్లు తిరక్కుండానే తమ పాత్ర బొమ్మ తామే గీసుకోవాలనిపిస్తుంది. 2014 నాటి ఐదో ఎడిషన్ క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) రెండో పేజీలో పాత్ర రూపం కోసం ఒక ఖాళీ పెట్టె కూడా ఉంది. అది చూశాక చేతులు ఊరుకోవు. మరి ఏం గీయాలి? భుజాల దాకా ముఖమా, బూట్ల దాకా నిలువెత్తు బొమ్మా, మ్యాప్ మీద జరిపే అంగుళం టోకెనా? ఎక్కువమంది ముఖంతో మొదలుపెడతారు. నేనైతే నిలువెత్తు బొమ్మతోనే మొదలుపెట్టమంటాను. కాళ్లూ చేతులూ వంకరపోయినా ఫర్వాలేదు.

ముఖానికి ఉన్న బలం కాదనలేనిది. టేబుల్ దగ్గర మనం మాట్లాడేది ఆ పాత్ర గొంతుతోనే. ఎదురుగా కళ్లూ కనుబొమలూ ఉన్న బొమ్మ ఉంటే ఆ గొంతు తొందరగా పట్టుబడుతుంది. ఆటలోని కల్పిత జాతుల గుర్తులు, అంటే టీఫ్లింగ్ కొమ్ములు, హాఫ్ ఆర్క్ కోరలు, ఎల్ఫ్ చెవులు, అన్నీ తలలోనే ఉన్నాయి కాబట్టి జాతి ఏదో చూడగానే తెలిసిపోతుంది. పైగా ఒక సాయంత్రంలో ముగించొచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, ముఖం బాగా కుదరాలంటే రెండు కళ్లూ ఒకే గీత మీద కూర్చోవాలి, దూరంగా ఉన్న చెంప కాస్త సన్నబడాలి. చేయి తిరగనివాళ్లు ఎడమ కన్ను గీసి, చెరిపి, మళ్లీ గీసి కాగితం మాసిపోయేదాకా అక్కడే ఆగిపోతారు. ఇంత కష్టపడ్డాక కూడా ఆ బొమ్మ చూసి మీ పాత్ర ఏం చేయగలదో తోటి ఆటగాళ్లు చెప్పలేరు. నుదుటి మీద గాటు ఉన్నంత మాత్రాన అతను యోధుడో దొంగో ఎలా తెలుస్తుంది?

నిలువెత్తు బొమ్మ గీయడానికి కూర్చుంటే పెన్సిలే మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతుంది. ఒక క్లెరిక్‌ను, అంటే దేవుడి పేర మంత్రాలు వేసే పాత్రను తీసుకుందాం. కుడిచేతిలో గద, ఎడమచేతిలో డాలు. మరి మంత్రాలకు కావలసిన దైవచిహ్నం ఎక్కడ? షీట్ మీద పరికరాల జాబితాలో ఒక మాట రాసి వదిలేస్తే ఈ ప్రశ్నే రాదు. గీసేటప్పుడు మాత్రం దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టి తీరాలి. చేత్తో పట్టుకోవచ్చు, కనబడేలా ఒంటి మీద వేసుకోవచ్చు, డాలు మీదే వేయించుకోవచ్చు. నియమాలు ఈ మూడింటినీ ఒప్పుకుంటాయి. డాలు మీద గీశారంటే ఆ డాలు వట్టి రక్షణ పరికరంగా మిగలదు. దాని మీద ఆ చిహ్నం ఎవరు వేసిచ్చారు, ఏ గుడిలో ఇచ్చారు, గీతలు పడ్డప్పుడు మళ్లీ రంగు వేసేది ఎవరు అన్న ఊహలు వాటంతటవే వస్తాయి. పాత్రకు గతం ఇలాగే పుడుతుంది. రెండు పేజీల పూర్వకథ రాసుకున్నా అంత చిక్కగా రాదు.

కవచం సంగతీ అంతే. ఫైటర్, అంటే యోధుడి పాత్ర అనగానే చాలామంది తల నుంచి పాదం దాకా మెరిసే ప్లేట్ కవచం గీసేస్తారు. 2014 నియమాల్లో దాని ధర 1500 బంగారు నాణేలు. ఆట అప్పుడే మొదలుపెట్టిన మొదటి లెవెల్ వాడికి అంత సొమ్ము ఎక్కడిది? వాడి ఒంటి మీద ఉండేది మహా అయితే చెయిన్ మెయిల్, అంటే ఇనుప కడియాలు అల్లిన చొక్కా. దాని బరువే 55 పౌండ్లు, పాతిక కిలోలు. అంత బరువు మోసే మనిషి నడుముకు గట్టి బెల్టు కట్టి, చొక్కాను కాస్త పైకి లాగి వదులుతాడు, భుజాల మీద భారం తగ్గాలని. ఆ బెల్టు పైన ఇనుము సంచిలా పొంగినట్టు ఒక్క వంపు గీయండి, బరువు కళ్లకు కడుతుంది. ప్రతి కడియం గీయనక్కర్లేదు. అంచుల్లోనూ నీడ పడే చోటా చిన్న చిన్న అర్ధచంద్రాలు రెండు మూడు వరుసలు వేసి మిగతాది ఖాళీగా వదిలేస్తే చాలు.

కొలతలు కూడా ఇక్కడే పట్టుబడతాయి. మామూలు మనిషిని ఏడున్నర తలల ఎత్తుగా గీయడం చిత్రకారుల లెక్క. ఆటలో డ్వార్ఫ్ అనే పొట్టి జాతివాడి ఎత్తు నాలుగు నుంచి ఐదు అడుగులు. అలాగని మనిషి బొమ్మనే చిన్నది చేస్తే డ్వార్ఫ్ రాడు, దూరంగా నిలబడ్డ మనిషి వస్తాడు. తల పెద్దవాళ్ల తలంతే ఉంచి, మొత్తం ఎత్తు ఐదు తలలకు కుదించి, భుజాలు వెడల్పు చేయాలి. ఇంకా పొట్టి జాతికి చెందిన మూడడుగుల హాఫ్‌లింగ్ అమ్మాయిని ఆరడుగుల ఫైటర్ పక్కన నిలబెడితే ఆమె తల అతని తుంటి దగ్గరికొస్తుంది. ఈ తేడా కాగితం మీద ఒకసారి చూశాక, శత్రువు కాళ్ల మధ్య నుంచి ఆమె దూరిపోయే ఎత్తుగడలు టేబుల్ మీద తన్నుకొస్తాయి.

చందమామ చదివి పెరిగినవాళ్లు శంకర్ గీసిన విక్రమార్కుణ్ణి తలచుకోండి. ముక్కు ఎలా ఉంటుందో చెప్పమంటే తడుముకుంటాం. భుజాన శవం, చేతిలో కత్తి మాత్రం ఎప్పటికీ మరిచిపోం. 1978లో వచ్చిన ఈ ఆట నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ముఖచిత్రం కూడా ఆ బాటలోనిదే. డేవిడ్ ట్రాంపియర్ గీసిన ఆ బొమ్మలో పెద్ద విగ్రహం కన్నుగా ఉన్న రత్నాన్ని ఇద్దరు పెకలిస్తుంటారు. వాళ్ల ముఖాలు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి. పని మాత్రం స్పష్టం.

చేయి రాదు కదా అని వెనక్కి తగ్గేవాళ్లకు ఒక మాట. 1974లో వెయ్యి ప్రతులతో వెలువడ్డ తొలి డి అండ్ డి పెట్టెలో బొమ్మలు గీసింది పేరుపడ్డ చిత్రకారులు కాదు. వాటిలో కొన్ని మార్వెల్ కామిక్స్ చూసి దింపినవని తర్వాత గుర్తించారు. ఈ ఆటలో మొదటి నుంచీ ఔత్సాహికుల గీతకు చోటుంది.

టోకెన్ గురించి చెప్పాల్సింది తక్కువే. మ్యాప్ మీద ఒక అంగుళం గడి అంటే ఐదడుగుల చోటు. మామూలు పరిమాణం ఉన్న పాత్ర ఆ గడిలో నిలబడుతుంది. అంత చిన్న బొమ్మలో కళ్లూ ముక్కూ ఎవరికీ కనబడవు, ఆకారమూ ఒకటి రెండు రంగులూ కనబడతాయి. కొమ్ముల టోపీ, ఎర్ర దుప్పటి, అంతే. దాన్ని విడిగా గీయనవసరమే లేదు. ఏ4 కాగితం మీద 24 సెంటీమీటర్ల మనిషిని గీస్తే తల మూడు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, అంటే అంగుళం కంటే పెద్దది. ఫోన్‌తో ఫొటో తీసి తల వరకు గుండ్రంగా కత్తిరించుకుంటే టోకెన్ చేతికొచ్చినట్టే. నిలువెత్తు బొమ్మలోంచి ముఖమూ వస్తుంది, టోకెనూ వస్తుంది. ముఖం బొమ్మలోంచి కాళ్లు రావు.

కాగితమా, ట్యాబ్లెటా అని కూడా అడుగుతుంటారు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా ఉచితం, ఫోన్లో ఐబిస్ పెయింట్ ఉంది. శరీరం ఒక లేయర్‌లో, అంటే విడి పొరలో, కవచం ఒక లేయర్‌లో, ఆయుధాలు ఇంకోదాంట్లో పెట్టుకుంటే లెవెల్ పెరిగి కొత్త కత్తి దొరికినప్పుడు ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. నెలల తరబడి ఒకే కథగా నడిచే క్యాంపెయిన్‌కు ఇది నిజంగా ఉపయోగం. కాగితం మీదా ఆ సౌకర్యం లేకపోలేదు. పాత బొమ్మ మీద కొత్త కాగితం పెట్టి, పగటిపూట కిటికీ అద్దానికి ఆనిస్తే కింది గీతలు కనబడతాయి. నిలుచున్న తీరు అలాగే దింపుకుని కొత్త కవచం తొడగొచ్చు. మొదటి బొమ్మకు నేను హెచ్‌బీ పెన్సిలే ఇస్తాను. ట్యాబ్లెట్ మీద ఒక్క గీతను పదిసార్లు వెనక్కి తీసుకునే వీలుంది. కొత్త చేతికి ఆ వీలే ఉచ్చు, బొమ్మ ముందుకు కదలదు.

ముఖమే గీయమని నేను చెప్పే సందర్భాలు రెండున్నాయి. ఒక్క రాత్రిలో ముగిసే కథ ఆడుతున్నప్పుడు కవచం మారే దాకా ఎవరూ ఉండరు, గొంతు దొరికితే చాలు. రెండోది, మీరు కథ నడిపే డంజన్ మాస్టర్ అయి ఊళ్లోని పూటకూళ్లావిడనో, అబద్ధాలాడే వర్తకుణ్ణో చూపించాల్సి వచ్చినప్పుడు. ఆ వర్తకుడి నడుముకు ఏం వేలాడుతోందో మీ ఆటగాళ్లకు అక్కర్లేదు. అతను నిజం చెబుతున్నాడా లేదా అని వాళ్లు వెతికేది కళ్లల్లోనే.