సింగిల్ స్క్రీన్‌కి ఏది మేలు: అద్దెనా, పర్సంటేజీనా, హైరా?

రెండు సినిమాలకి గ్రాస్ (టికెట్ల మొత్తం వసూలు) ఒకటే వచ్చినా షేర్ (అందులో డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది) వేరుగా ఉండొచ్చు. అది హాలుతో కుదిరిన ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఒప్పందాలు ముఖ్యంగా మూడు రకాలు.

అద్దె పద్ధతిలో డిస్ట్రిబ్యూటర్ హాలుకి వారానికి ఇంత అని కడతాడు. జీఎస్టీ, అద్దె పోగా మిగిలింది అతని షేర్. పర్సంటేజీలో జీఎస్టీ తీసేశాక వచ్చే నెట్‌ని ఇద్దరూ పంచుకుంటారు, వారాలు గడిచేకొద్దీ హాలు వాటా పెరుగుతుంది. ఫిక్స్‌డ్ హైర్ అద్దెకి తలకిందులు. హాలాయనే సినిమాకి గుత్తగా డబ్బు కట్టి తెచ్చుకుంటాడు. ఆ తర్వాత ఫుల్స్ పడ్డా, ఈగలు తోలుకున్నా ఆయన గొడవే.

పర్సంటేజీ అనగానే మల్టీప్లెక్సుల లెక్క గుర్తొస్తుంది. 2009 ఏప్రిల్ నుంచి జూన్ దాకా హిందీ నిర్మాతలు వాటాల గొడవతో మల్టీప్లెక్సులకి కొత్త సినిమాలు ఇవ్వడం మానేశారు. చివరికి డిస్ట్రిబ్యూటర్ వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆపైన 30 అని రాజీ కుదిరింది. మన సింగిల్ స్క్రీన్లు మాత్రం ఎక్కువగా అద్దె మీదే నిలబడ్డాయి.

లెక్క వేస్తేగాని తేడా తెలియదు. 500 సీట్ల హాలు, రోజుకి నాలుగు ఆటలు, టికెట్టుకి సగటున రూ.80 నెట్ అనుకుందాం. వారమంతా నిండితే 14,000 టికెట్లు, రూ.11,20,000. అద్దె వారానికి రూ.1,75,000 అనీ, కరెంటు, జీతాలు, ఏసీ, శుభ్రత కలిపి హాలు ఖర్చు రూ.1,30,000 అనీ పెట్టుకుందాం. పంపకానికి 2009 నాటి శాతాలే తీసుకుందాం.

పెద్ద సినిమా వచ్చి మొదటి వారం 70 శాతం నిండితే నెట్ రూ.7,84,000. అద్దె పద్ధతిలో హాలుకి దక్కేది ఆ 1,75,000 మాత్రమే. పర్సంటేజీలో అయితే 3,92,000. అదే సినిమా బోల్తా కొట్టి 20 శాతమే నిండితే నెట్ 2,24,000. అద్దె ఉంటే హాలు క్షేమం, డిస్ట్రిబ్యూటర్‌కి 49,000 మిగులుతుంది. పర్సంటేజీలో హాలుకి 1,12,000 వస్తుంది, అంటే సొంత ఖర్చుకి 18,000 తక్కువ. ఇదే సినిమాని నాలుగు లక్షల హైర్‌కి తెచ్చుకున్నాయనకి మొదటి సందర్భంలో 3,84,000 మిగులుతుంది, రెండో సందర్భంలో 1,76,000 చేతి నుంచి పోతుంది. రెండింటికీ హాలు ఖర్చు అదనం. హిట్టయినా పర్సంటేజీ కంటే పైసా ఎక్కువ రాని హైర్ అది. అయినా అభిమానుల ఒత్తిడికి, పక్క హాలాయన ఎగరేసుకుపోతాడన్న భయానికి చిన్న ఊళ్లలో కట్టేవాళ్లు ఉంటారు. హైర్ గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. జూదం ఆడే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లాలి.

ఈ హాలుకి మొదటి వారంలో గీటురాయి 31.25 శాతం ఆక్యుపెన్సీ. అక్కడ నెట్ 3,50,000, అందులో సగం సరిగ్గా అద్దెకి సమానం. అంతకు మించి నిండే సినిమా అయితే హాలుకి పర్సంటేజీ లాభం, తగ్గితే అద్దె లాభం. డిస్ట్రిబ్యూటర్‌కి ఇది తలకిందులు. అందుకే పెద్ద హీరో సినిమాకి అద్దె కడతానంటాడు, చిన్న సినిమాకి పర్సంటేజీ మీద ఆడించమంటాడు. చేతిలో డబ్బులేని చిన్న నిర్మాతకి వారం అద్దె ముందే కట్టడమే పెద్ద గండం. 10 శాతం నిండిన వారంలో నెట్ 1,12,000, అద్దె 1,75,000. ఆ 63,000 లోటు డిస్ట్రిబ్యూటర్ మెడకే, ట్రేడ్‌లో దాన్నే నెగటివ్ షేర్ అంటారు.

ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, 2025 మే నెలలో పర్సంటేజీ ఇవ్వకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని హెచ్చరించి, తర్వాత వెనక్కి తగ్గారు. అప్పుడు వాళ్ల ప్రధాన ఫిర్యాదు ఒకటుంది: జనం వచ్చే మొదటి వారం అద్దె అంటారు, జనం పలచబడ్డ రెండో వారం నుంచి పర్సంటేజీ అంటారు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. మన హాల్లో రెండో వారం 25 శాతం నిండితే నెట్ 2,80,000. 57.5 శాతం చొప్పున హాలుకి 1,61,000, అంటే అద్దె కంటే తక్కువ. రెండు వారాలకీ నష్టం వచ్చే వైపే హాలుని నిలబెట్టే పద్ధతి ఇది.

టికెట్ ధరల పెంపు ఈ తేడాని ఇంకా పెద్దది చేస్తుంది. ప్రభుత్వ అనుమతితో టికెట్టుకి నెట్ రూ.40 పెరిగిందనుకోండి. 70 శాతం నిండిన వారంలో 9,800 టికెట్లకి అదనంగా వచ్చేది రూ.3,92,000. అద్దె పద్ధతిలో ఇందులో హాలుకి ఒక్క రూపాయీ రాదు. పైగా ధర చూసి ఇంట్లో ఆగిపోయిన కుటుంబం క్యాంటీన్‌కీ రాదు, పార్కింగ్‌కీ రాదు. క్యాంటీన్ ఆదాయం తలల్ని బట్టి ఉంటుంది, టికెట్ ధరని బట్టి కాదు. రేటు పెంచిన సినిమాకి అద్దె మీద ఒప్పుకోవడం హాలు చేసుకునే చెడ్డ బేరాల్లో మొదటిది.

మరి అద్దె ఇన్నాళ్లు ఎలా నిలిచింది? నమ్మకం లేక. పర్సంటేజీ నడవాలంటే ప్రతి ఆట లెక్కా నిజమై ఉండాలి. టికెట్టు చింపకుండా మళ్లీ అమ్మడం, డీసీఆర్‌లో (రోజువారీ వసూళ్ల లెక్క కాగితం) తక్కువ రాయడం పాత రోగాలు. వాటి కోసమే డిస్ట్రిబ్యూటర్ తరఫున రెప్రజెంటేటివ్ హాల్లో కూర్చునేవాడు. అద్దెకి ఇచ్చినా ఆ బాధ పూర్తిగా పోదు, కానీ హాలాయనకి తన డబ్బు ముందే తెలిసిపోతుంది. ఆన్‌లైన్ బుకింగ్ వచ్చాక అమ్మిన సీట్ల లెక్క దాదాపు అప్పటికప్పుడే కనిపిస్తోంది, దొంగలెక్కకి చోటు కౌంటర్ టికెట్ల దగ్గరే మిగిలింది. ఇంకో చిక్కు లీజు. హాలుని లీజుకి తీసుకున్నాయనే డిస్ట్రిబ్యూటర్ కూడా అయితే, అద్దె ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోవడమే. అలాంటి చోట పద్ధతి మారాలన్న తొందర ఎవరికీ ఉండదు.

సొంతంగా హాలు నడుపుకునేవాళ్లకి మేలైనది కింద హద్దున్న పర్సంటేజీ. అంటే వారాల వారీ శాతాలు ఒప్పుకుని, ఏ వారమైనా హాలు వాటా ఫలానా మొత్తానికి తగ్గకూడదని రాసుకోవడం. మన ఉదాహరణలో ఆ హద్దు 1,30,000 దగ్గర ఉండాలి. పెద్ద సినిమా డిస్ట్రిబ్యూటర్ ఒప్పుకోకపోతే మొదటి వారం హద్దు వదిలేసి, రెండో వారం నుంచి పట్టుబట్టవచ్చు. కొత్తవాళ్ల సినిమాలకి హద్దు లక్షకి దింపితే వాళ్లూ బతుకుతారు, ఖాళీ వారం తప్పుతుంది.

సంతకానికి ముందు నెట్ అంటే ఏమిటో కాగితం మీద తేల్చుకోవాలి. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు టికెట్టుకి 5 శాతం, ఆపైన 18. సగటు ధర వంద దాటించే ముందు ఇది లెక్కలోకి రావాలి. మెయింటెనెన్స్ చార్జీ పంపకంలోకి వస్తుందా, విడిగా హాలుకేనా? డిజిటల్ ప్రొజెక్షన్‌కి కట్టే వీపీఎఫ్ ఎవరి ఖాతా? 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాల విడుదల ఆపేసింది దాని మీదే. జనం లేక రద్దయిన ఆటని లెక్కలో ఎలా చూపాలి, వసూలు ఎంతకి పడిపోతే సినిమా తీసేసే హక్కు హాలుకి ఉంటుంది అన్నవి కూడా అందులోనే ఉండాలి. చివరిది రాసుకోకపోతే శుక్రవారం కొత్త బొమ్మ సిద్ధంగా ఉన్నా, పాత సినిమా రోజుకి ముప్ఫై టికెట్లతో తెర మీద కూర్చునే ఉంటుంది.